పన్నెండు మూరల నేల

గండభేరుండం సింగన్నను మర్యాదగా దించలేదు. తాటిచెట్టు ఎత్తున ఎగురుతూ కాలిగోళ్ళు సడలించి, వాణ్ణి తంగేడు పొదల్లోకి విసిరేసి తన దారిన తాను పోయింది. సింగన్న మూడు పల్టీలు కొట్టి, మోచేతులు గీరుకుపోయి, నోట్లో ఆకులు ఉమ్ముకుంటూ లేచాడు. ధూమ్రగిరి శిఖరం నుంచి ఒక పగలూ ఒక రాత్రీ ఆ పక్షి కాలు పట్టుకు వేలాడుతూ వచ్చినవాడికి నేల తగలడమే గొప్ప. మొలలో చెయ్యి పెట్టి తడిమి చూసుకున్నాడు. మాంత్రికుడి గుహలోంచి ఎత్తుకొచ్చిన రూపగుళికలు రెండూ భద్రంగానే ఉన్నాయి.

ఎదురుగా విరజాపురం. పదహారు బురుజుల కోట, బురుజు బురుజుకూ పగడపు రంగు జెండా. కోట కింద వర్తక వీధుల్లో మూడంతస్తుల మేడలు, మేడల కిటికీలకు గాజుపూసల తెరలు, ఆ తెరల్లోంచి ఎండ జారి రాతి బాటల మీద ఎర్రగా పచ్చగా పరుచుకున్న నీడలు. రేవులో ఇరవై దేశాల ఓడలు, వాటి తెరచాపల మీద నెమళ్ళూ సింహాలూ మకరాలూ. మేడలకు దిగువన, నది కంటే పల్లంలో, పల్లపుపేట. నేతగాళ్ళు, కుమ్మరులు, జాలరులు, రేవులో మూటలు మోసేవాళ్ళు, అందరూ కలిసి పదివేల మంది. వాళ్ళకూ నీలవేణీ నదికీ నడుమ అడ్డుగా ఉన్నది ఒక్క గట్టు.

ఈ గట్టు సంగతి కాస్త చెప్పాలి. చెప్పేటప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది, అయినా చెప్పక తప్పదు. గట్టులో ఉత్తరపు సగం రాజుగారిది. రాతికట్టు. దాన్ని దళవాయి భైరవమల్లు సైన్యం కాపలా కాస్తుంది. దక్షిణపు సగం వర్తక శ్రేణిది, అంటే ఓడల వర్తకులందరూ కలిసి పెట్టుకున్న సంఘానిది. బంకమట్టి కట్టు. దాన్ని శ్రేణిపెద్ద కామాంబ మనుషులు చూసుకుంటారు. విరజాపురంలో పాత కట్టడి ఒకటుంది. గట్టు మీద ఎవరు మట్టి పోస్తే ఆ నేల వాళ్ళది, అక్కడ గండి పడితే నిందా వాళ్ళదే. నలభై ఏళ్ళ కిందట సరిగ్గా నడిమిన గండి పడింది. అది మీ వైపంటే మీ వైపని రాజుగారి తాతా, అప్పటి శ్రేణిపెద్దా ఏడాది పాటు వాదించుకున్నారు. చివరికి మళ్ళీ కూలితే తమ మీదికి రాకూడదని, ఎవరి ఎల్లరాయి వాళ్ళు ఆరేసి మూరలు వెనక్కి జరిపి పాతుకున్నారు. సిగ్గు లేదు చూశారా. అలా రెండు రాళ్ళ నడుమ పన్నెండు మూరల నేల ఎవరికీ కాకుండా మిగిలిపోయింది. అటూ ఇటూ గట్టు ఏనుగెత్తు ఉంటే అక్కడ మనిషి నడుమెత్తు ఉంది. మామూలు వరదకు అది చాలుతూ వచ్చింది.

సింగన్న తండ్రి ఓబులయ్య గట్టుకావలి. పోయిన వానాకాలం ఆ నడిమి నేలలో ఊట చూసి ఉండబట్టలేక ఒక్క తట్టెడు మట్టి పోశాడు. రాజుగారి మనుషులూ శ్రేణి మనుషులూ కలిసి వచ్చి ఆయన్ను పట్టుకున్నారు. నలభై ఏళ్ళలో ఆ రెండు పక్షాలూ కలిసి చేసిన పని అదొక్కటే. అధికారం లేకుండా మట్టి పోసినందుకు వచ్చే విజయదశమికి కుడిచెయ్యి నరకాలని తీర్పు. అందాకా గట్టుచెరలో పెట్టారు. అది రాతికట్టు అడుగున, నడిమి నేలను ఆనుకుని ఉన్న కొట్టు.

తండ్రి చేతిని కాపాడే దారి వెతుక్కుంటూ కొండలెక్కిన సింగన్న, ధూమ్రగిరి గుహలో అంతకంటే పెద్ద ముప్పు విన్నాడు. ఘోరకంఠుడనే మాంత్రికుడు కొండమీది కాలసరస్సు కట్ట తెంపి, ఆ నీళ్ళతో జలసర్పాన్ని చేసి విరజాపురం మీదికి తోలుతున్నాడు. పదివేల ప్రాణాలు ఒక్క దెబ్బకు బలిస్తే భేతాళుడు వాడికి చావులేని వరం ఇస్తాడట. ఆ సర్పానికి ఒక కట్టుబాటు ఉంది. ఎవరిదీ కాని నేల మీదుగానే అది ఊళ్ళోకి రాగలదు. వాకిట నిలబడి, ఇది ఎవరి నేల అని మూడుసార్లు అడగాలి. మూడోసారికి కూడా అందరూ ఒప్పుకునే జవాబు రాకపోతే ఆ నేల దానిదే.

పొద్దు నడినెత్తి దాటింది. నీళ్ళు రావడానికి ఇంకా ఆరు గడియలు. సింగన్న మోచేతుల నెత్తురు తుడుచుకుని దళవాయి గుడారానికి పరుగెత్తాడు.

భైరవమల్లు చెడ్డవాడేం కాదు. ఏడు యుద్ధాలు గెలిచినవాడు, సైనికులు తిన్నాకే తను తినేవాడు. కాకపోతే ఆజ్ఞ లేనిదే తుమ్మడు.

"దొరా, ధూమ్రగిరి మీద కాలసరస్సు తెగింది. పొద్దు గుంకేలోగా ఇక్కడుంటుంది. నడిమి నేల పూడ్పించండి."

"నువ్వు చెప్పింది నిజమే కావచ్చు," అన్నాడు దళవాయి నిదానంగా. "ఎల్లరాయి దాటి మట్టి వెయ్యడానికి నాకు అధికారం లేదు. రాజుగారికి లేఖ రాస్తాను. ఆయన శ్రేణికి పంపుతారు. శ్రేణి జవాబిస్తుంది."

"ఎన్నాళ్ళు పడుతుంది దొరా?"

"పోయినసారి తొమ్మిది నెలలు పట్టింది."

సింగన్న అక్కడ ఒక్క క్షణం కూడా నిలబడలేదు. రేవులో శ్రేణి గిడ్డంగికి పరుగెత్తాడు. కామాంబ అరవయ్యేళ్ళ మనిషి. భర్త పోయాక పద్దెనిమిది ఓడలను ఒంటిచేత్తో నడుపుతోంది. ఆమె గొంతు రేవు ఆ చివరిదాకా వినిపిస్తుంది.

"మా గట్టు నిలుస్తుందిరా అబ్బీ," అంది తమలపాకుకు సున్నం రాస్తూ. "నడిమిది మాది కాదు."

"మీ గట్టు నిలిచినా నడుమ నీళ్ళొస్తే పేట మునుగుతుంది పెద్దమ్మా. మీ మూటలు మోసేవాళ్ళంతా పేటలోనే ఉన్నారు."

"నాకు తెలియదా? ఇవాళ నేను తట్టెడు పోస్తే రేపటి నుంచి ఆ గండి మా మెడకు చుట్టుకుంటుంది. రాజుగారిని ముందు పొయ్యమను."

"వాళ్ళు మిమ్మల్ని ముందు పొయ్యమంటున్నారు."

"చూశావా మరి," అంది కామాంబ, తన మాటే నెగ్గినట్టు.

సింగన్న గట్టు వెంట వెనక్కి నడిచి, గట్టుచెర కిటికీ దగ్గర బోర్లా పడుకుని లోపలికి చూశాడు. చీకట్లో నీళ్ళు మెరుస్తున్నాయి. అప్పుడే ఊట లోపలికి దారి చేసుకుంది.

"నాన్నా."

"వచ్చావా సింగా," అన్నాడు ఓబులయ్య. మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి ఉన్నాడు. "ఏమన్నా తిన్నావా?"

"లేదు నాన్నా. నీళ్ళు పెరుగుతున్నాయా?"

"పెరుగుతున్నాయి. అది కాదు గానీ, ఊట రంగు చూశావా? పొద్దున తేటగా ఉంది. ఇప్పుడు ఎర్రగా వస్తోంది. ఎర్రగా వస్తే లోపల మట్టి కదిలిపోతున్నట్టు. ఎంతోసేపు ఆగదది."

"ఇద్దరినీ అడిగాను. ఇద్దరూ ఒప్పుకోలేదు."

"ఎందుకొప్పుకుంటారు. ఆ నేల ఎవరికీ వద్దు." ముసలాయన నవ్వినట్టు గొంతు మార్చాడు. "వద్దు గానీ, పక్కవాడి పాలు కావడం మాత్రం అస్సలు గిట్టదు. నన్ను పట్టుకున్న రోజున ఇద్దరూ ఒకటే అడిగారురా. ఎవరి తరఫున పోశావు, ఎవరి తరఫున పోశావు అని. నా తరఫున నేనే పోశానంటే నమ్మలేదు."

సింగన్న లేచి నిలబడ్డాడు. వాడి కళ్ళు వెలిగాయి. మొలలోంచి ఒక రూపగుళిక తీసి నాలుక కింద పెట్టుకున్నాడు. గుళిక నాలుక కింద ఉన్నంతసేపూ మనసులో అనుకున్న రూపం నిలుస్తుంది.

కాసేపటికి శ్రేణి గుమాస్తా ఒకడు, బానపొట్ట, చెవిలో గంటం, దళవాయి గుడారంలోకి రొప్పుకుంటూ వచ్చి కాళ్ళ మీద పడ్డాడు.

"దొరా, నా పేరు బయటపెట్టకండి. మా పెద్దమ్మ నాలుగు వందల తట్టలతో బయల్దేరుతోంది. నడిమి నేలలో మట్టి పోయిస్తుందట. పోస్తే నేల శ్రేణిదే కదా. ఇక మీదట మీ సైనికులు గట్టు ఈ చివర నుంచి ఆ చివరకు పోవాలంటే శ్రేణిని అడిగి పోవాలి."

దళవాయి కుర్చీలోంచి లేచాడు. "మా నేల మీద మేం అడిగి నడవడమా?"

ఇందాక అది మా నేల కాదన్న మనిషే ఈ మాట అన్నది. ఆ క్షణంలో ఆయనకది గుర్తు రాలేదు. మూడు వందల మంది సైనికులకు పారలూ పలుగులూ తట్టలూ అందాయి. కోటమరమ్మతు కోసం తెచ్చిన బండరాళ్ళను ఏనుగులకు కట్టారు. భేరి మోగించమని ఆజ్ఞ అయింది.

సింగన్న గుళిక ఉమ్మేసి ఆ రూపం వదిలించుకుని మళ్ళీ రేవుకు పరుగు తీశాడు. ఈసారి రెండో గుళికతో రాజుగారి సైనికుడి వేషం. ఇనుప టోపీ, తేలుకొండి మీసం. అయితే రెండు రోజుల దాహం గొంతులో ఉంది. గిడ్డంగి గుమ్మంలో నీళ్ళకుండ కనబడగానే ముంచుకుని గటగటా తాగేశాడు. ఆ తాగడంలో నాలుక కింది గుళిక కూడా గొంతు దిగిపోయిన సంగతి వాడు చూసుకోలేదు.

"అమ్మా, మా దళవాయి గారు నడిమి నేలను రాజుగారి పేర పూడ్పించబోతున్నారు. నేను మీ ఉప్పు తిన్నవాణ్ణి గనక చెబుతున్నాను," అంటూ మొదలుపెట్టాడు.

కామాంబ నోట్లో తాంబూలం ఆగిపోయింది. వాడి మొహం వైపే చూస్తోంది.

"మీసం ఏమైందిరా?"

సింగన్న మూతి తడుముకున్నాడు. మీసం లేదు. తలమీద టోపీ లేదు. చినిగిన పంచెతో, తంగేడు ఆకులతో, వాడు వాడిగానే నిలబడి ఉన్నాడు. గుమ్మంలో ఇద్దరు కావలివాళ్ళు కత్తులు దూశారు.

కామాంబ వాడి చెవి పట్టుకుని దగ్గరకు లాగింది. "ఓబులయ్య కొడుకువు కదూ. మాయలు కూడా నేర్చావా? నాతోనేనా నీ వేషాలు?"

ఆ మాట ముగిసేలోపు గట్టు మీద రాజభేరి మోగింది. కిటికీలోంచి చూస్తే, మూడు వందల మంది సైనికులు, తట్టలు, ఏనుగుల వెనక బండరాళ్ళు. అంతా నడిమి నేల వైపు కదులుతున్నారు.

ఆమె చెవి వదల్లేదు. కిటికీ వైపూ సింగన్న వైపూ రెండుసార్లు చూసింది.

"నువ్వు అబద్ధానివే," అంది చివరకు. "ఆ తట్టలు మాత్రం నిజం. ఒరేయ్, అందరినీ లేపండి. బంకమట్టి ఎంతుంటే అంత పడవలకెత్తండి. రాజుగారు మా గట్టు మీద జెండా పాతుతాడట, చూస్తాను."

గడియ తిరిగేసరికి పన్నెండు మూరల నేలకు అటు మూడు వందల మందీ, ఇటు నాలుగు వందల మందీ వచ్చి చేరారు. వాళ్ళ దగ్గర రాళ్ళు, వీళ్ళ దగ్గర మట్టి. వాళ్ళ చేతుల్లో ఈటెలు, వీళ్ళ చేతుల్లో గడకర్రలు. తట్ట మాత్రం ఎవరూ దించలేదు. ఒకరినొకరు తిట్టుకోవడానికే పొద్దంతా చాలేట్టు లేదు. సింగన్న నడుమ నిలబడి రెండు చేతులూ ఎత్తి, "ముందు పొయ్యండి, తరవాత కొట్టుకుందురు గాని," అని గొంతు చించుకున్నాడు. ఎవడు వింటాడు.

అప్పుడు నది ఆగిపోయింది.

నిజంగానే ఆగింది. అలలు లేవు, చప్పుడు లేదు. రేవులో ఓడలు కట్టిన మోకులు వదులయ్యాయి. ఆ తరవాత ఎగువన ఆకాశం నల్లబడింది. అది మబ్బు కాదు, నీళ్ళు. కోటగోడ అంత ఎత్తున లేచి, మెలికలు తిరుగుతూ, ఒంటినిండా పెళ్ళగించిన చెట్లను పొలుసుల్లా అంటించుకుని జలసర్పం వచ్చింది. దాని పడగ మీద ఘోరకంఠుడు నిలబడి ఉన్నాడు. మోకాళ్ళదాకా జడలు, మెడలో పుర్రెల పేరు, నుదుట చేరెడు సిందూరం. సర్పం నడిమి నేల ముందుకు వచ్చి తల వంచింది.

"ఇది ఎవరి నేల?" అని అడిగాడు మాంత్రికుడు.

"రాజుగారిది," అన్నాడు దళవాయి.

"కాదు, శ్రేణిది," అంది కామాంబ.

ఘోరకంఠుడు పగలబడి నవ్వాడు. "తగవులో ఉన్న నేల ఎవరిదీ కాదు."

సర్పం తోకతో ఒక్క దెబ్బ కొట్టింది. నడిమి నేలలో తంగేడు పొదలూ, మూరెడు మట్టీ లేచిపోయాయి. అంచున ఉన్న అయిదుగురు నీళ్ళలో పడ్డారు. నలుగురు ఎలాగో గట్టు పట్టుకుని పైకెక్కారు. శ్రేణి కూలి ఒకడు కొట్టుకుపోతుంటే రాజుగారి సైనికుడు ఈటె చాచి పైకి లాగాడు. లాగాక ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

మాంత్రికుడి చూపు సింగన్న మీద పడింది. "గుళికల దొంగ ఇక్కడే ఉన్నాడే," అన్నాడు. సర్పం తోకను గట్టుచెర గోడలోకి దూర్చింది. రాళ్ళు విరిగాయి. ఓబులయ్యను నడుముకు చుట్టి, గాలిలోకి ఎత్తి పట్టింది.

"రెండోసారి అడుగుతున్నాను. ఇది ఎవరి నేల? సింగన్నా, నువ్వే చెప్పు. ఎవరిదీ కాదను. అది నిజమే కదా. ఆ ఒక్క మాట అంటే నీ తండ్రిని నీ చేతిలో పెడతాను. చెయ్యి నరికేవాడు కూడా రేపటికి ఉండడు."

దాచడం ఎందుకు, సింగన్న భయపడ్డాడు. ఆ ఒక్క మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఈ మనిషి కోసమే వాడు కొండలెక్కాడు, గుహల్లో దూరాడు, పక్షి కాలికి వేలాడాడు. ఆయన ఇప్పుడు పది నిలువుల ఎత్తున, తడిసిన గడ్డంతో, కిందికి చూస్తున్నాడు.

"సింగా," అన్నాడు ఓబులయ్య. ఊపిరాడక మాట ముక్కలుగా వచ్చింది. "నేను పోసిన తట్ట దండగ చెయ్యకురా."

సింగన్న పక్కనున్న కూలి తలమీది తట్ట లాక్కుని, సర్పం మొహం ముందే, నడిమి నేలలో గుమ్మరించాడు.

"నాది," అన్నాడు. "మా నాన్న పోసినప్పుడే మాదైంది. ఇవాళ నేనూ పోశాను. చెయ్యి నరుకుతారా, నరకనీ. నరికేదాకా రెండు చేతులతోనూ పోస్తాను. నువ్వేం చేసుకుంటావో చేసుకో."

"అధికారం లేనివాడు మట్టి పోస్తే దొంగతనం. దొంగకు నేల ఉండదు," అన్నాడు ఘోరకంఠుడు. "నిన్ను ఒప్పుకునేవాళ్ళు ఈ ఏడు వందల మందిలో ఎవరన్నా ఉన్నారా? మూడోసారి అడుగుతున్నాను. ఇది ఎవరి నేల?"

కింద పేటలో పసిపిల్ల ఏడుపు వినిపించింది.

కామాంబ చెంగు నడుముకు చుట్టుకుంది. ఒక తట్ట తలకెత్తించుకుని, అరవయ్యేళ్ళ మోకాళ్ళతో జారుతూ దిగి, సింగన్న పోసిన మట్టి మీదనే పోసింది. "వీడిది," అంది. "మాదీనూ. రేపు కూలితే నన్నడగండి."

అందరూ దళవాయి వైపు చూశారు. ఏడు యుద్ధాల్లో ఆజ్ఞ లేకుండా ఒక్క అడుగు వెయ్యని మనిషి ఆయన. భుజాన ఉన్న డాలు తీసి, బోర్లించి, దాంతో మట్టి ఎత్తాడు. ఎల్లరాయి దాటి వచ్చి అక్కడే గుమ్మరించాడు.

"ముగ్గురిదీ," అన్నాడు. "రాజుగారిదీ, శ్రేణిదీ, ఓబులయ్యదీ. ఇందులో తగవు లేదు. ఇక నువ్వు దయచెయ్యి."

జలసర్పం ఒళ్ళంతా జలదరించింది. పడగ ముందుకు రాబోయి, కనబడని గోడకు కొట్టుకున్నట్టు వెనక్కి పడింది. ఘోరకంఠుడు పళ్ళు పటపట కొరికి సర్పాన్ని ఎగువకు మళ్ళించాడు. తోక చుట్టలో ఓబులయ్యను అలాగే పట్టుకుపోయాడు.

సర్పం వెళ్ళింది. అది మోసుకొచ్చిన నీళ్ళు మాత్రం వెళ్ళలేదు. మంత్రం తెగిన వరద మామూలు వరదై నడిమి నేల మీదికి ఎగబడింది. మామూలు వరద మనుషుల మాట వింటుందా.

సింగన్న తండ్రి వెనక ఉరకబోయి, ఆగి, పార పట్టుకున్నాడు. ఏడు వందల మందీ వరసలు కట్టారు. అటు నుంచి రాళ్ళు, ఇటు నుంచి మట్టి. అయినా పని సాగలేదు. శ్రేణి కూలీలు 'ఐలెస్సా' పదానికి తట్టలు అందించుకుంటారు, అది వడివడిగా సాగుతుంది. సైనికులు భేరి దెబ్బకు గానీ రాయి కదల్చరు, అది నిదానం. మట్టి పడ్డాక రాయి వచ్చేలోపు మట్టి కొట్టుకుపోతోంది. మట్టి లేని రాళ్ళ సందుల్లోంచి నీళ్ళు చిమ్ముతున్నాయి. రెండు వరసలూ ప్రాణం పెట్టి చేస్తున్నాయి, పని మాత్రం దండగవుతోంది.

"భేరి వాళ్ళ పదానికి కొట్టు," అని అరిచాడు సింగన్న.

"ఆజ్ఞ లేనిదే దెబ్బ మార్చకూడదు," అన్నాడు భేరివాడు. పాపం వాడికి నేర్పిందదే.

దళవాయి నీళ్ళోడుతూ పైకెక్కి, భేరివాడి చేతిలో కర్రలు లాక్కున్నాడు. పడవవాళ్ళ పదానికి చెవి ఒగ్గి, తల ఊపుతూ రెండు దెబ్బలు తప్పు కొట్టాడు. మూడోది కుదిరింది. ఐలెస్సా అనగానే మట్టి, భేరి మోగగానే రాయి. ఐలెస్సా, రాయి. ఐలెస్సా, రాయి. కామాంబ తన ఓడల తెరచాపలు కోయించి మట్టి మూటలు కట్టించింది. నడిమిన లోతు పడ్డచోట, రాళ్ళు నింపిన రెండు పడవలను రాజుగారి ఏనుగులు నెట్టి ముంచాయి. పేటలోంచి ఆడవాళ్ళు నేతమగ్గాల చాపలు, కుమ్మరివాళ్ళు సారెమట్టి పట్టుకొచ్చారు. ఎవరిది ఎక్కడ పడిందో ఎవరూ చూడలేదు. పొద్దు కొండ మీద వాలేసరికి నడిమి నేల రెండు పక్కలా ఉన్న గట్టు కంటే జానెడు ఎత్తు లేచింది. వరద దాని అంచు నాకుతూ పక్కకు తిరిగి పారింది. ఊట తేటబడింది.

అందరూ ఎక్కడివాళ్ళక్కడ బురదలో కూలబడ్డారు. సింగన్న కూర్చోలేదు. తండ్రి కోసం, రేవులో మిగిలిన ఓడ ఒకదాని వైపు నడుస్తున్నాడు.

అప్పుడు కోట నుంచి వార్తాహరుడు గుర్రం మీద వచ్చాడు. రాజుగారు బురుజు మీద నుంచి అంతా చూశారట. తాళపత్రం విప్పి గట్టిగా చదివాడు. ఎల్లరాయి దాటి మట్టి పోసిన ప్రతివాణ్ణీ దళవాయి వెంటనే చెరలో వెయ్యవలసింది. ఇది రాజాజ్ఞ.

దళవాయి చేతులు జోడించి విన్నాడు. విన్నాక చుట్టూ చూశాడు.

"మేం ఏడు వందల మందిమి," అన్నాడు. "మొదట వెయ్యవలసింది నన్నే. ఉన్నది ఒక్కటే చెర, దానికిప్పుడు గోడ లేదు. ఈ సంగతి రాజుగారికి మనవి చెయ్యి."

దళవాయి నలభై మంది సైనికులను పిలిచి, కత్తులు పక్కన పెట్టి తెడ్లు పట్టమన్నాడు. కామాంబ ఓడ వెనక చుక్కాని దగ్గర కూర్చుని, ఎగువ నీటి సంగతి తనకు తెలిసినంత ఎవడికీ తెలియదని ఆ నలభై మందినీ అప్పుడే తిట్టడం మొదలుపెట్టింది. దూరంగా, ధూమ్రగిరి దారిలో, సర్పం తోక చివర చిన్న నల్లటి చుక్క ఇంకా కనబడుతోంది. అది చెయ్యి ఊపుతున్నట్టే ఉంది.

"ఆగండి, ఆగండి," అంటూ వార్తాహరుడు గట్టు అంచుదాకా వచ్చాడు. చేతిలో గంటం, కొత్త తాటాకు. "రాజుగారి సైనికులు శ్రేణి ఓడలో రాజ్యం దాటి పోతున్నారు. ఎవరి ఆజ్ఞ మీద పోతున్నారని రాసుకోను?"

దళవాయి కామాంబ వైపు చూశాడు. కామాంబ సింగన్న వైపు చూసింది.

"గట్టుకావలి ఓబులయ్య కొడుకు ఆజ్ఞ అని రాసుకో," అన్నాడు సింగన్న. సైనికులు పక్కన పెట్టిన కత్తి ఒకటి తీసి, ఒక్క వేటుతో మోకు తెగ్గొట్టాడు.